విదేశాల్లో చదువుకుంటున్న పిల్లల తల్లిదండ్రుల సంఘం, తిరుపతి: 2025 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, తిరుపతితో పాటు చంద్రగిరి, రేణిగుంట, పుత్తూరు, శ్రీకాళహస్తి, చిత్తూరు నుంచి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

నిబంధనల ప్రకారం కార్యదర్శి ఏటా సర్వసభ్య సమావేశానికి నివేదిక సమర్పించాలి. 2025 జనవరి నుంచి డిసెంబరు వరకు జరిగిన పనులు ఇందులో ఉన్నాయి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్ళీ చెప్పనవసరం లేదు. కృతజ్ఞతలు ముందే చెప్తాను. చివర్లో పెడితే భోజనాల వేళకు సగం మంది లేచిపోతారు, పని చేసినవాళ్ళ సంగతి వినపడకుండానే పోతుంది. అది న్యాయం కాదు.

కృతజ్ఞతలు

జూలై సభకు కల్యాణ మండపాన్ని అద్దె లేకుండా ఇచ్చి, కరెంటు బిల్లు మాత్రం కట్టుకోమన్న యజమానికి సంఘం రుణపడి ఉంది. ఆ రోజు భోజనాల భారమంతా ఎం.ఆర్.పల్లి సభ్యులు మోశారు. ఫారాలు, కార్డులు కాగితం ఖర్చుకే అచ్చు వేసిచ్చిన కె.టి.రోడ్డు ప్రెస్సు వారికి ధన్యవాదాలు. బ్యాంకులో విద్యారుణాలు చూసి రిటైరైన మన పెద్దాయన ప్రతి శనివారం బాలాజీ కాలనీ ఆఫీసులో కూర్చుని ఎవరొచ్చినా ఓపికగా కాగితాలు చూసిపెట్టారు. ఎంత ఎండలోనూ ఆయన మానలేదు. పిల్లలకు వంట నేర్పిన అమ్మలకు, మహిళా విభాగం కన్వీనర్ గారికి, మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మన ఆచార్యుల వారికి, చెన్నై విమానాశ్రయం దాకా కారు పంపిన భవానీనగర్ సభ్యులకు, ముఖ్యంగా డాలస్, లండన్, మెల్‌బోర్న్, మ్యూనిక్ నుంచి వేళ కాని వేళ మనతో మాట్లాడిన సీనియర్ పిల్లలకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అందరి పేర్లూ ఆఫీసు బోర్డు మీద ఉన్నాయి. ఎవరి పేరైనా తప్పిపోతే ఈరోజే చెప్పండి, రాయిస్తాను.

వీసాల వేసవి

ఈ ఏడాది టెన్షన్ ఏప్రిల్‌లోనే మొదలైంది. అమెరికాలో వేలాది మంది విదేశీ విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే అక్కడి ప్రభుత్వ డేటాబేస్) రికార్డులను ప్రభుత్వం ఉన్నపళంగా రద్దు చేసింది. కోర్టుల్లో కేసులు పడ్డాక నెలాఖరుకల్లా పునరుద్ధరణ మొదలుపెట్టారు గానీ, ఈలోగా మన ఇళ్ళల్లో ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిచాయో మీకు తెలుసు. మే చివర్లో కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల స్లాట్లు ఆపేశారు. జూన్‌లో మళ్ళీ తెరిచి, సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనపడేలా పెట్టమన్నారు. ఆగస్టులో క్లాసులు మొదలవుతాయి, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) చేతిలో ఉంది, స్లాటు మాత్రం దొరకదు. కొందరు పిల్లలు జనవరి సెమిస్టరుకు మార్చుకున్నారు, కొందరు దేశమే మార్చుకున్నారు. అమెరికాలోని విదేశీ విద్యార్థుల లెక్కలు ఏటా ఇచ్చే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో అమెరికాలో మన దేశపు విద్యార్థులు 3.63 లక్షల మంది. అంత పెద్ద గుంపులో మన పిల్లవాడికి ఏదైనా అయితే చూసేదెవరు అన్న భయం ఈ వేసవిలో ప్రతి తల్లికీ తండ్రికీ తగిలింది.

ఆ భయం వల్ల ఒక మేలు జరిగింది. ఎన్నాళ్ళుగానో కాగితం మీదే ఉన్న ఊరి జట్ల పని ఈ ఏడాది నిజంగా నడిచింది. పిల్లవాడు ఏ దేశం, ఏ ఊరు, ఏ యూనివర్సిటీ, ఏ నెలలో పోతున్నాడో ఒక ఫారంలో రాయించుకుని, అదే ఊరికి పోయేవాళ్ళను ముందే కలిపి, అక్కడ ఇప్పటికే ఉన్న ఒక సీనియర్‌కు అప్పజెప్పడం. చూడటానికి చిన్న పనే. దీనివల్ల పిల్లలు దిగిన రోజున విమానాశ్రయం బయట ఎవరి కోసం చూడాలో తెలిసి దిగారు. ఫోన్లో ఫొటోలు చూసి గది అడ్వాన్సు పంపి మోసపోయే ప్రమాదం కూడా తగ్గింది. సీనియర్ పోయి గది చూశాకే డబ్బు కట్టాలని నియమం పెట్టుకున్నాం.

జూలై సభ

సంఘం పుట్టినప్పటి నుంచి ఇంత పెద్ద సభ మనం చేయలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. పొద్దున ఎనిమిదికే మండపం నిండింది. దేశానికొక బల్ల వేసి, అమెరికా బల్లను మళ్ళీ ఊళ్ళ వారీగా విడదీశాం. భవానీనగర్‌లో ఒకే వీధిలో పెరిగిన ఇద్దరు పిల్లలు, ఒకే యూనివర్సిటీలో ఒకే కోర్సుకు పోతున్నామని ఆ బల్ల దగ్గరే తెలుసుకున్నారు. వాళ్ళమ్మలు రోజూ ఒకే అంగట్లో పాలు తీసుకుంటారు.

పదకొండు గంటలకు సీనియర్లు తెర మీదికి వచ్చారు. డాలస్‌లో అప్పుడు అర్ధరాత్రి పన్నెండున్నర, లండన్‌లో తెల్లవారి ఆరున్నర, మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం మూడున్నర. డాలస్ అమ్మాయి మరునాడు పరీక్ష పెట్టుకుని కూడా గంటకు పైగా మాట్లాడింది. ఆ అమ్మాయి చెప్పిన మొదటి మాట ఓరియంటేషన్ గురించి. "నిద్ర చాల్లేదని ఓరియంటేషన్ ఎగ్గొట్టొద్దు. ఆ రెండు రోజుల్లో పరిచయమైన వాళ్ళే సంవత్సరమంతా పనికొస్తారు. తర్వాత ఎవరి జట్టు వాళ్ళకు ఏర్పడిపోతుంది, కొత్తగా చొరబడటం కష్టం." అప్పటిదాకా పప్పుల పొడి ఎన్ని కిలోలు పెట్టాలి, ఊరగాయ డబ్బాకు టేపు ఎట్లా చుట్టాలి అని మాట్లాడుకుంటున్న వెనక వరుస ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

మధ్యాహ్నం వంట. ఒక్క పొయ్యి, ఒక కుక్కరు, ఒక బాండలి, అంతే. పప్పు, ఎగ్ కర్రీ, చెనక్కాయల ఊరిబిండి. మొగపిల్లలు ముందు సిగ్గుపడ్డారు, తర్వాత వరుస కట్టారు. ఊరిబిండి రుబ్బడం నేర్చుకున్న ఒక అబ్బాయి నవంబరులో తన ల్యాబ్‌లోని వాళ్ళందరికీ అది దోసెలతో పెట్టానని ఫొటో పంపాడు. అందులో ఒక కొరియా అమ్మాయి, ఇద్దరు అమెరికన్లు, ఒక నైజీరియా అబ్బాయి ఉన్నారు. ఆ ఫొటో ఆఫీసు గోడ మీద పెట్టాం.

అత్యవసర కార్డు, అందులో మూడో గీత

సభలో అసలు పని సాయంత్రం జరిగింది. ప్రతి పిల్లవాడికీ ఒక కార్డు ఇచ్చాం. అరచేతిలో పట్టేంత మందపాటి కార్డు, ముందు వైపు ఐదు గీతలు. మొదటి గీతలో గదిలో ఉండే స్నేహితుడి పేరు, ఫోను. రెండో గీతలో ఆ ఊళ్ళో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం. మూడో దానిలో ఆ దేశంలోనే పుట్టి పెరిగిన ఒక మనిషి: క్లాస్‌మేటో, పొరుగువాళ్ళో, ఇంటి ఓనరో, ఎవరైనా సరే. నాలుగులో యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయం. ఐదులో ఇన్సూరెన్సు నంబరు, దగ్గరి డాక్టరు. వెనక వైపు అత్యవసర నంబర్లు: అమెరికా, కెనడాలకు 911, బ్రిటన్‌కు 999, ఐరోపా దేశాలకు 112, ఆస్ట్రేలియాకు 000. వాటి కింద, మనసు బాగాలేనప్పుడు పిలవాల్సినవి: అమెరికాలో 988, బ్రిటన్‌లో 116 123, ఆస్ట్రేలియాలో 13 11 14.

ఒకటి, రెండు గీతలు అందరూ ఇట్టే నింపారు. నాలుగు, ఐదు నింపడానికి ఫోన్లో వెతకాల్సి వచ్చింది. మూడో గీత దగ్గర పెన్నులన్నీ ఆగిపోయాయి. ఇంకా పోలేదు కదా, ఎవరు తెలుస్తారు అన్నారు పిల్లలు. అది నిజమే. ఇప్పుడు ఖాళీగా వదిలేయండి, అక్టోబరు చివరికల్లా నింపి ఫొటో తీసి పంపండి అని చెప్పాం. అప్పుడు పీలేరు నుంచి వచ్చిన ఒక తండ్రి లేచి, "వాళ్ళతో మనకేం పని సార్? మనోళ్ళు శానా మంది ఉండారు గదా ఆడ," అన్నారు. ఆయన అడిగింది మనలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే. నేను కూడా చాలాకాలం అట్లాగే అనుకునేవాణ్ణి.

దానికి మన ఆచార్యుల వారు ఇచ్చిన జవాబును వీలైనంత ఆయన మాటల్లోనే ఇక్కడ పెడుతున్నాను, రాలేకపోయిన సభ్యుల కోసం. 1977లో స్టీఫెన్ బాక్నర్ అనే మనస్తత్వవేత్త మరో ఇద్దరితో కలిసి హవాయిలో చదువుతున్న విదేశీ విద్యార్థుల స్నేహాల మీద ఒక వ్యాసం రాశారు. పరాయి దేశంలో విద్యార్థికి మూడు రకాల స్నేహవలయాలు ఉంటాయని వాళ్ళు చెప్పారు. ఒకటి సొంత దేశం వాళ్ళది. మన మాట, మన తిండి, మన పండగ నిలబడేది అందులోనే, అన్నిటికన్నా బలమైనదీ అదే. రెండోది ఆ దేశపు వాళ్ళతో: తోటి విద్యార్థులు, ఆచార్యులు, సలహాదారులు. చదువు, పని అక్కడ నడుస్తాయి. మన కార్డులో మూడో గీత ఈ రెండో వలయం కోసమే. మూడోది ఇతర దేశాల నుంచి వచ్చిన విద్యార్థులతో. ఆటపాటలు, కాలక్షేపం ఎక్కువగా వాళ్ళతోనే. మూడూ వేరు వేరు అవసరాలు తీరుస్తాయి, ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. ఉద్యోగాల విషయంలో 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చూపించిన సంగతి కూడా ఆచార్యుల వారు చెప్పారు. బాగా దగ్గరివాళ్ళకు మనకు తెలిసిందే తెలుస్తుంది. అప్పుడప్పుడు కలిసే ముఖపరిచయస్తుల ద్వారానే కొత్త ఉద్యోగాల కబురు ఎక్కువగా వస్తుంది. ఒకే గదిలో ఉండే ఐదుగురూ ఒకే ఇంటర్న్‌షిప్ కోసం వెతుకుతుంటే ఒకరి నుంచి ఒకరికి కొత్తగా తెలిసేదేముంటుంది?

ఇంకొక ప్రమాదం నేను సొంతంగా కలుపుతున్నాను. మనవాళ్ళ వలయం ఒక్కటే ఉంటే, అందులో తిరిగే తప్పుడు మాట కూడా వేదమైపోతుంది. అమెరికాలో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాడు సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అనుమతి లేకుండా బయట అస్సలు చేయకూడదు. సీనియర్ చేశాడు, ఏం కాలేదు, నువ్వూ చెయ్యి అని గదిలో చెప్తారు. ఈ ఏప్రిల్ చూశాక కూడా ఆ మాట నమ్మితే ఎట్లా? అడగాల్సిన మనిషి నాలుగో గీతలో ఉన్నాడు. యూనివర్సిటీలో ఐ-20 మీద సంతకం పెట్టే డీఎస్ఓ. ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు, జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు, ఇట్లా ఏ దేశం లెక్క ఆ దేశానిది. ఒక దేశంలోని సీనియర్ మాట ఇంకో దేశానికి పనికిరాదు.

అక్టోబరు రాత్రి

శ్రీకాళహస్తి దగ్గరి పల్లె అబ్బాయి, టెక్సాస్‌లో చదువుతున్నాడు. తల్లిదండ్రుల అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. మనకు మధ్యాహ్నం పన్నెండు, అక్కడ రాత్రి ఒకటిన్నర. "సార్, పిల్లోడికి కడుపులో నొప్పంట, మెలికలు తిరగతా ఉండాడంట," అని తండ్రి ఫోన్. గదిలోని వాళ్ళు గ్యాస్ అనుకుని మజ్జిగ ఇచ్చారు. అంబులెన్స్ పిలిస్తే ఎన్ని వేల డాలర్లు వేస్తారో అని భయం. ఆ భయంలోనే రెండు గంటలు పోయాయి.

కార్డు ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది. రెండో గీతలోని కుటుంబానికి ఫోన్ చేయమన్నాం. ఆ ఇంటావిడ నొప్పి ఎక్కడుందో అడిగి, కుడిపక్క కింద అనగానే, "ఇంక ఆలోచించొద్దు, నేను వస్తున్నా. నేను రాకముందే వాంతులో జ్వరమో ఎక్కువైతే 911 కొట్టండి," అంది. పావుగంటలో కారు తెచ్చి ఎమర్జెన్సీకి తీసుకుపోయింది. అపెండిక్స్. తెల్లవారేలోపు ఆపరేషన్ అయిపోయింది. ఐదో గీతలో ఇన్సూరెన్సు కార్డు ఫొటో ఉన్న లింకు రాసి ఉండటంతో ఆస్పత్రి కౌంటర్ దగ్గర వెతుకులాట తప్పింది.

అసలు సంగతి తర్వాత మొదలైంది. మన పిల్లలు వంతులేసుకుని అన్నం తెచ్చారు. అది మొదటి వలయం. క్లాసులు పోయిన వారాలకు నోట్సు ఇచ్చి కూర్చుని చెప్పింది ఒక నేపాల్ అబ్బాయి. కోలుకునేదాకా ఒక సబ్జెక్టు వదిలేద్దామనుకున్నాడు మనవాడు. వదిలేసి ఉంటే ఫుల్‌టైమ్ లెక్క తప్పి వీసా హోదాకే ముప్పు వచ్చేది. ముందే నాలుగో గీతకు పోయి అడిగాడు కాబట్టి, డాక్టరు కాగితం తీసుకుని డీఎస్ఓ అనుమతి ఇచ్చారు, ప్రొఫెసర్లకు కూడా వాళ్ళే రాశారు. ఇక చెకప్‌కు పోవాలి. ఆ ఊళ్ళో బస్సులు తక్కువ, మనవాళ్ళందరికీ అదే టైముకు క్లాసులు. తీసుకుపోయింది ఎవరనుకున్నారు? పక్కింట్లో ఒంటరిగా ఉండే ఒక అమెరికన్ పెద్దాయన. ఆగస్టులో ఆయన ఇంట్లోకి సామాను మోస్తుంటే మనవాడు పోయి ఒక చెయ్యి వేశాడట. అప్పటి నుంచి కనపడితే పలకరింపు, అంతే. మూడో గీతలో ఇప్పుడు ఆయన పేరుంది.

పీలేరు సభ్యుడు అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

మూడో గీత ఎట్లా నిండింది

అక్టోబరు తర్వాత ఫొటోలు రావడం మొదలైంది. రాని వాటి గురించి కింద రాస్తాను. వచ్చినవాటిలో ఒకటి రెండు చెప్పి తీరాలి. చిత్తూరు అబ్బాయి జర్మనీలో ఉన్నాడు. భాష రాదు, నోరు విప్పడు. ఇక్కడ కాలేజీలో వాలీబాల్ ఆడేవాడు. అక్కడ ప్రతి చిన్న ఊళ్ళోనూ ఫెరైన్ అని సభ్యత్వంతో నడిచే క్లబ్బులు ఉంటాయి. దాంట్లో చేరాడు. బంతి కొట్టడానికి వ్యాకరణం అక్కర్లేదు కదా. మూడు నెలల్లో జర్మన్‌లో తిట్టడం, తర్వాత మాట్లాడటం వచ్చింది. నగర కార్యాలయంలో చిరునామా నమోదు కాగితంలో తప్పు పడితే, జట్టులోని ఒక మెకానిక్ వెంట వచ్చి దిద్దించాడు. బ్రిటన్‌లో ఉన్న రేణిగుంట అమ్మాయి శనివారాలు ఒక చారిటీ షాపులో బట్టలు మడతపెట్టడానికి స్వచ్ఛందంగా పోతుంది. అక్కడి పెద్దావిడే జీపీ (అక్కడి స్థానిక డాక్టరు) దగ్గర పేరు ఎందుకు నమోదు చేసుకోవాలో చెప్పి చేయించింది. అప్పటిదాకా మన అమ్మాయి జ్వరమొస్తే ఇక్కడినుంచి తీసుకుపోయిన మాత్రలే మింగేది.

ఇద్దరూ ఒకే పని చేశారు. స్నేహం కోసం స్నేహం వెతుక్కోలేదు, వారం వారం ఒకే చోట, ఒకే వేళకు, ఏదో ఒక పని మీద కనపడ్డారు. అక్కడివాళ్ళు పొడిగా ఉంటారు, నవ్వి వెళ్ళిపోతారు అని పిల్లలు చెప్తుంటారు. పదిసార్లు కనపడితే ఆ పొడితనం పోతుందని వీళ్ళను చూస్తే తెలుస్తుంది.

తల్లిదండ్రులకు

ఈ భాగం అమ్మానాన్నలకు. పిల్లవాడు దిగిన మొదటి నెల ఫొటోలు చూసి హమ్మయ్య అనుకుంటాం. 1955లో లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు అమెరికాకు పోయి వచ్చిన తన దేశపు స్కాలర్లను పరిశీలిస్తే, ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళు, 18 నెలలు దాటినవాళ్ళు బాగానే సర్దుకున్నారు, మధ్యలో ఉన్నవాళ్ళు ఎక్కువ ఇబ్బంది పడ్డారు. తర్వాతి పరిశోధనల్లో కొందరికి మొదటి వారాలే అన్నిటికన్నా కష్టమని కూడా తేలింది. కాబట్టి మొదట్లోనూ కనిపెట్టి ఉండాలి, సంవత్సరం తిరిగే వేళకు కూడా ఉండాలి. "ఎట్లుండావు నాయనా, తిన్నావా" అని అడిగితే తిన్నానమ్మా అనే వస్తుంది. ఈ వారం ఎవరితో కూర్చుని తిన్నావు అని అడగండి. వరుసగా రెండు మూడు వారాలు ఒక్కడినే అని వస్తే, జట్టు బాధ్యుడికి చెప్పండి.

రోజుకు నాలుగైదు సార్లు వీడియో కాల్ చేసే తల్లులు మనలో ఉన్నారు. వాళ్ళ ప్రేమను తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. అయితే సాయంత్రం క్లాసు అయ్యాక పిల్లలు నలుగురితో కాఫీకి పోయే వేళ, మన ఫోన్ వస్తే వాడు గదికి పోయి తలుపేసుకుంటాడు. వేళ ఒకటి అనుకుని ఆ వేళకే చేద్దామని మహిళా విభాగం తీర్మానించింది. ఇక్కడ మనకే గుండె దడగా ఉంటే, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే ఫోన్ సేవ టెలి మానస్ ఉంది, నంబరు 14416. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. వాడుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

పెద్ద ఆపద వస్తే రాయాల్సిన చోట్లు కూడా కార్డుతో పాటు ఇచ్చిన కాగితంలో ఉన్నాయి: విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ, అమెరికాలో అయితే 1977 నుంచి ఉన్న తానా లాంటి తెలుగు సంఘాలు. ఆ కాగితం బీరువాలో పెట్టొద్దు, చేతికందే చోట ఉంచండి.

చెప్పక తప్పని మాటలు

ఇది రాయడం నాకు ఇష్టం లేదు, రాయకపోతే పని చేసినవాళ్ళకు అన్యాయం. వీసా వచ్చేదాకా ప్రతి సమావేశంలో ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు, పిల్లవాడు విమానం ఎక్కాక ఫోన్ ఎత్తడం లేదు. రాత్రి ఫోన్ల డ్యూటీకి జనవరిలో పేర్లు ఇచ్చినవాళ్ళలో చాలామంది తమ వంతు వచ్చేసరికి పెళ్ళిళ్ళు, ప్రయాణాలు అన్నారు. చివరికి ఆ భారమంతా నలుగురైదుగురి మీద పడింది. వాళ్ళలో ఇద్దరి పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ళకు సంఘంతో ఇక అవసరం లేదు, అయినా వదల్లేదు. అవసరం ఉన్నవాళ్ళు ఎక్కడ? మూడో గీత నింపి ఫొటో పంపమని మీ పిల్లలకు ఒక్కమాట చెప్పమంటే, మరిచిపోయాం సార్ అనే జవాబు నెలల తరబడి విన్నాను. పిల్లల నిర్లక్ష్యం కన్నా ఇదే ఎక్కువ బాధ పెట్టింది.

అధికారుల సంగతి. జూలై సభను ప్రభుత్వ సభామందిరంలో చేద్దామని ఫిబ్రవరిలోనే ఒక కార్యాలయానికి అర్జీ పెట్టాం. ఒక బల్ల మీదినుంచి ఇంకో బల్ల మీదికి పోయింది, ఒకసారి మొత్తానికే కనపడలేదు, జూన్‌లో మళ్ళీ కొత్తగా రాయమన్నారు. విదేశాలకు పోయే పిల్లల కోసం వారానికి ఒక్కరోజు సహాయ కేంద్రం నడపండి, మనుషులను మేమే ఇస్తాం అని ఇచ్చిన వినతిపత్రానికి ఇంతవరకు జవాబు రాలేదు. ఈ జిల్లా నుంచి ఇంతమంది పిల్లలు బయటికి పోతుంటే, ఒక గది, ఒక కుర్చీ ఇవ్వడం అంత పెద్ద కోరికా? ఫీజు కట్టేదాకా రోజూ ఫోన్ చేసి, పిల్లవాడు దిగాక నంబరు మార్చేసే కన్సల్టెన్సీల గురించి వచ్చిన ఫిర్యాదులు విడిగా ఫైలు చేశాం. న్యాయ సలహా తీసుకుంటున్నాం.

జమాఖర్చులు

లెక్కల పత్రం చివరి పేజీలో ఉంది. ఆడిటర్ చూసి సంతకం చేశారు. సభ్యత్వ రుసుములు, విరాళాలు కలిపి వచ్చినదానిలో ఎక్కువ భాగం జూలై సభకు, కార్డుల అచ్చుకు, ఆఫీసు అద్దెకు అయ్యింది. కొద్దిగా మిగులు ఉంది. ప్రశ్నలుంటే కోశాధికారి గారు చెప్తారు. పనిలో పనిగా ఒక మాట: 2025 ఏప్రిల్ 1 నుంచి విదేశాలకు పంపే డబ్బు మీద టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) పరిమితి ఏడాదికి 7 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది, బ్యాంకు విద్యారుణం నుంచి పోయే ఫీజుల మీద అసలు లేదు. పాత లెక్కలో ఎక్కడైనా పట్టుకుంటే పెద్దాయన్ను శనివారం కలవండి.

2026లో

జూలై సభ ఈసారి రెండు రోజులు చేయాలని కార్యవర్గం అనుకుంటోంది. రెండో రోజు పూర్తిగా పిల్లలకే, పెద్దలు లేకుండా. జనవరిలో పోయే పిల్లలకు డిసెంబరులో చిన్న సభ ఒకటి కావాలని డాలస్ సీనియర్లు రాశారు. అది సబబే, ఎందుకంటే చలికాలంలో దిగేవాళ్ళకు ఓరియంటేషన్ చిన్నది, జట్లు అప్పటికే ఏర్పడి ఉంటాయి, వాళ్ళే ఎక్కువ ఒంటరివాళ్ళవుతున్నారు. చదువు ముగించి తిరిగొచ్చిన పిల్లలు కూడా మన ఊళ్ళో ఉన్నారు. వాళ్ళను సభ్యులుగా చేర్చుకోవడానికి నిబంధన మార్చే తీర్మానం ఈరోజు ఎజెండాలో ఉంది, ఆమోదించాలని కోరుతున్నాను.

జర్మనీ, ఐర్లాండ్ జట్లకు బాధ్యులు లేరు. రాత్రి ఫోన్ల పట్టికలో ఫిబ్రవరి నుంచి గళ్ళన్నీ ఖాళీ. పట్టిక గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది, పక్కనే పెన్ను ఉంది. భోజనానికి వెళ్ళేముందు, నిజంగా ఎత్తగల రాత్రికి మాత్రమే, ఎదురుగా మీ పేరు, ఫోన్ నంబరు రాయండి.

సభ ఆమోదం కోసం ఈ నివేదికను సమర్పిస్తున్నాను.

ఇట్లు,
కార్యదర్శి
తిరుపతి